మచ్చలేని పడవ

పడవ నడపడానికి పడవ అక్కరలేదని మొట్టమొదట కనిపెట్టిన ఘనత రేవుల నిర్వహణ విభాగానిదే. ఆ సంగతి తెలియక, గోదావరి పాయల మధ్య బతికే జనం తాతల నాటి నుంచీ పడవలు చేయించుకుంటూ, వాటికి ఏటేటా తారు పూయించుకుంటూ వృథాగా శ్రమపడుతూ వచ్చారు.

కొమరలంక వాళ్ళు అలా శ్రమపడినవాళ్ళే. లంక కదా, నాలుగు వైపులా నీళ్ళు. మధ్యలో అరటి తోటలు, కొబ్బరి చెట్లు, ఐదో తరగతితో ఆగిపోయే బడి. ఆరో తరగతి చదవాలన్నా, పాలు అమ్ముకోవాలన్నా, పురుడు పోసుకోవాలన్నా పాయ దాటాల్సిందే. దాటించేది సంగాడి వారి పడవ. మామగారు పోయాక సంగాడి నూకరత్నం మొగుడు కామేశు చుక్కాని పట్టాడు. కామేశు రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అందుకని పడవకి సంబంధించి నోటితో చేయాల్సిన పనంతా నూకరత్నానిదే. గెడ వేయడంలోనూ ఆమె అతనికి తీసిపోదు.

సంగాడి వారికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. రేవులో నిలబడి ఎవరు మూడు కేకలు వేసినా, పగవాడైనా సరే, మూడో కేక చెవిన పడ్డాక పడవ కదలాలి, కదిలాక రేవులో ఉన్నవాళ్ళందరినీ ఎక్కించుకోవాలి. రెండోది, గోదావరి సంగతుల్లో అబద్ధమాడకూడదు. చేపల బేరంలో ఆడవచ్చు, చుట్టాల దగ్గర ఆడవచ్చు, గోదావరి దగ్గర కూడదు. మొదటి కట్టుబాటు వల్ల వాళ్ళకి సరైన నిద్ర లేదు. రెండోదాని వల్ల రేవే లేకుండా పోయింది.

ఏటా పంచాయతీ అరుగు మీద రేవు పాట జరిగేది. ఎవరు ఎక్కువ పాడితే ఆ ఏడాదికి రేవు వాళ్ళది. సంగాడి వారి మీద పోటీకి పాడేవాళ్ళు లేరు కాబట్టి పాట మొదలు కాకముందే అయిపోయేది. మిగిలిన పొద్దంతా టీలు తాగేవారు. ఇది మరీ మొరటుగా ఉందని విభాగం వారికి తోచింది. "ఇకపై రేవు హక్కులను వేలము ద్వారా గాక, పోటీదారుల ప్రతిపాదనల తులనాత్మక, గుణాత్మక మూల్యాంకనము ద్వారా కేటాయించవలెను" అని ఉత్తర్వు వచ్చింది. అంటే పరీక్ష పెట్టి మార్కులు వేస్తారన్నమాట.

నూకరత్నం పదో తరగతి దాకా చదివింది. దరఖాస్తు పట్టుకుని రేవులో తాటాకు పాక కింద కూర్చుంది. ఆ పాక పెదత్త పేరంటాలుది. పేరంటాలు నూకరత్నం అత్తగారికి అక్క, తోడికోడలు కూడా. డెబ్భై దాటిన మనిషి. పాకలో జంతికలు, ఉప్పుశనగలు అమ్ముతూ, పడవెక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ తేడా లేకుండా తిడుతూ ఉంటుంది. లంకలోనే పుట్టింది, లంకలోనే కాపురం చేసింది. నీళ్ళంటే ప్రాణభయం. పడవలో కాలు పెట్టిన పాపాన పోలేదు.

"గత ప్రమాదాల వివరాలు రాయమన్నారు పెదత్తా," అంది నూకరత్నం.

"లేవని రాసెయ్. అడిగినోడు వచ్చి గోదారి అడుగున ఎతుకుతాడేటి?"

నూకరత్నం చెంపలేసుకుంది. "గోదారి ఒడ్డున కూకుని అంత మాటనకు. మన పడవలోంచి మేక పళ్ళేదా?"

పడవలోంచి కామేశు నోరు విప్పాడు. "పడింది."

"ఆ మేక మీకంటే ముందు ఒడ్డెక్కి, మీకేసి చూసి నవ్వింది కదరా!"

"పడ్డం పడ్డమే," అన్నాడు కామేశు. ఆ రోజుకి అతని మాటలు అయిపోయాయి.

నూకరత్నం మేకని రాసింది. గాలికి ఎగిరిపోయిన కరణంగారి గొడుగు రాసింది. ఫోటో కోసం వంగి గోదావరిలో తలపాగా పారేసుకున్న పెళ్ళికొడుకుని రాసింది. మామగారి కాలంలో పోయిన ఒక ఇత్తడి బిందె, రెండు నాటుకోళ్ళు కూడా గుర్తు తెచ్చుకుని రాసింది. మనిషి మటుకు ఇంతవరకూ పడలేదని చివర రాసి సంతకం పెట్టింది.

"ఇంత నిజం రాసిందానికి రేవెవడిత్తాడే?" అంది పేరంటాలు.

"నిజం రాత్తే ఇవ్వరేటి పెదత్తా?" అంది నూకరత్నం, తెల్లబోయి.

ఇవ్వలేదు.

ఫలితం తెలుసుకుందామని ఆమె టౌన్లో ఆఫీసుకి వెళ్ళింది. సహాయ సంచాలకులు భుజంగరావు గారు మర్యాదస్థులు. కూర్చోమన్నారు. కుర్చీ లేదు కాబట్టి ఆమె నిలబడింది. రేవు నిష్కళంక్ క్రాసింగ్ సొల్యూషన్స్ అనే సంస్థకి వెళ్ళిందని ఆయన చెప్పారు.

"ఆళ్ళ పడవేదండి బాబూ? ఎప్పుడూ చూళ్ళేదే."

"పడవ లేదమ్మా."

"చేయిత్తన్నారాండి?"

"నీకు మూల్యాంకనమంటే ఏమిటో బోధపడినట్టు లేదు." ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "భద్రత అనే అంశం క్రింద సదరు సంస్థ పూర్వచరిత్రను కూలంకషంగా పరిశీలించాం. సదరు సంస్థ పడవ నేటి వరకు ఒక్కసారి కూడా మునగలేదు. ఒక్క ప్రయాణికుడు తడవలేదు. మేక మాట అటుంచు, మేక వెంట్రుక కూడా నదిలో పడిన దాఖలా లేదు. నిష్కళంకం! పూర్తి మార్కులు పడ్డాయి. ఇక తమరి చరిత్ర..." నూకరత్నం దరఖాస్తుని రెండు వేళ్ళతో ఎత్తి దూరంగా పట్టుకున్నారు. "బిందె. కుక్కుటములు. వరుని శిరోవేష్టనము. ఇది రేవా, సంతా?"

"పడవే లేనోళ్ళది ఎలాగండి మునుగుద్ది?"

"అదే వారి బలం," అన్నారు భుజంగరావు గారు, తృప్తిగా.

దార్శనికత అనే అంశం కింద కూడా నూకరత్నానికి సున్నా వచ్చింది. ఆమె అక్కడ "అందరినీ అవతలి గట్టుకి చేర్చడం" అని రాసింది. సంస్థవారు "భవిష్యత్తులో గట్టుల అవసరమే లేని నదీయానం" అని రాశారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తేడా తెలుస్తుందని భుజంగరావు గారు అన్నారు. నూకరత్నానికి తెలిసింది.

"ఒకటో తారీకు నుంచి ఆ రేవులో మరే పడవ కదిలినా కేసు. నీ మంచికే చెబుతున్నాను," అని ఆయన లేచి నిలబడ్డారు. ఆమె ముందే నిలబడి ఉంది కాబట్టి సమావేశం ముగిసింది.

అన్యాయం జరిగిందనుకునేవారు అభ్యంతరం చెప్పుకోవచ్చని ఉత్తర్వులోనే ఒక మూల ఉంది. నూకరత్నం చెప్పుకుంది. లంకలో సూరిబాబు కూతురు లక్ష్మికి నెలలు నిండుతున్నాయి. ఒకటో తారీకు దాటాక ఆ పిల్లకి నొప్పులొస్తే ఏం చేయాలో ఎవరి దార్శనికతలోనూ లేదు.

అభ్యంతరాల విచారణాధికారి దండపాణి గారు. సర్వీసు మొత్తంలో ఆయన ఇచ్చిన తీర్పు ఒక్కటి కూడా పైవాళ్ళు కొట్టివేయలేదు. అలాంటి చరిత్ర రాష్ట్రంలో మరొకరికి లేదు. ఆయన ఇంతవరకూ ఒక్క తీర్పూ ఇవ్వకపోవడమే దానికి మూలకారణమని కిట్టనివాళ్ళు అంటారు. కానీ విభాగం దృష్టిలో అది లోపం కాదు, అర్హత.

విచారణలో ఒక పక్క నూకరత్నం, ఇంకో పక్క నిష్కళంక్ సంస్థ తరఫున శశిధర్ అనే కుర్రాడు. టై కట్టుకున్నాడు, ల్యాప్‌టాప్ తెచ్చాడు. గోడ మీద ఒక బొమ్మ వేశాడు. హంసలాంటి తెల్లటి పడవ, వెనకాల సూర్యాస్తమయం.

"ఇది మా బోటు," అన్నాడు.

"బాగుంది బాబూ. ఎక్కడుంది?" అంది నూకరత్నం.

"ఇక్కడే." గోడ చూపించాడు.

దండపాణి గారు ఆ గోడని చాలాసేపు చూసి, "సూర్యాస్తమయం బాగా వచ్చింది," అన్నారు.

"మార్కులేసినోళ్ళు ఎవరండి? ఆళ్ళకి పడవ సంగతులు తెల్సాండి?" అని నూకరత్నం అడిగింది.

విభాగం తరఫున వచ్చి కూర్చున్న భుజంగరావు గారు ఉలిక్కిపడ్డారు. "తెలియడమా! మూల్యాంకన సంఘ సభ్యులలో ఏ ఒక్కరూ జీవితంలో పడవ ఎక్కి ఉండరాదన్నది ప్రథమ నిబంధన. ఎక్కినవారికి దాని మీద ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయమే పక్షపాతానికి బీజం. ఒక సభ్యులకు చిన్నతనంలో ఈత వచ్చునని ఆలస్యంగా తెలిసింది. వారిని శాలువా కప్పి తప్పించాం. అంత నిక్కచ్చిగా చేశాం."

"మరి తమరండి?"

"నేనా? వంతెన మీద రైలు పోతున్నప్పుడు కూడా కిటికీ మూసుకుంటాను. తలుపు దగ్గరివాళ్ళని కూడా మూయమంటాను."

దండపాణి గారు ఇద్దరి వాదనలూ బరువైనవని అన్నారు. బరువైనవాటిని ఒక్క రోజులో ఎత్తడం ఆరోగ్యానికి మంచిది కాదని కూడా అన్నారు. కాబట్టి క్షేత్రస్థాయి పరిశీలన అవసరమనీ, నిష్కళంక్ వారి ప్రారంభోత్సవం ఎలాగూ లంకలోనే జరుగుతుంది గనుక రెండూ ఒకేసారి జరిపితే ప్రభుత్వానికి పొదుపనీ తేల్చారు. ఆ సంస్థ ఎంపిక మీదే విచారణ జరుగుతుండగా ప్రారంభోత్సవమేమిటని నూకరత్నం అడిగింది. విచారణ వల్ల అభివృద్ధి ఆగకూడదని ముగ్గురూ ఒకే గొంతుతో చెప్పారు.

ఒకటో తారీకు వచ్చింది. కామేశు పడవని తాడుతో కట్టేసి, దాని పక్కనే గట్టు మీద బోర్లా పడుకున్నాడు. లంకలో పాలు లంకలోనే విరిగిపోతున్నాయి. హైస్కూలు పిల్లలు మొదటి రోజు గంతులేశారు, రెండో రోజు వాళ్ళ అమ్మలు పనులు చెప్పడం మొదలుపెట్టేసరికి చదువు మీద ప్రేమ పుట్టింది. అవతలి గట్టు మీద ఇరుక్కున్న చుట్టాలు కేకలేస్తున్నారు. మూడో కేక వింటే పడవ కదలాలి, పడవ కదిలితే కేసు. ఎటూ పాలుపోక నూకరత్నం రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుంది. వినపడని కేకకి కట్టుబాటు లేదు కదా అని సమాధానం చెప్పుకుంది గానీ, ఆ దూది ఆమెని నిద్రపోనివ్వలేదు.

ప్రారంభోత్సవం నాడు బంతిపూల దండలు వేలాడేసుకుని ఒక పెద్ద లాంచీ వచ్చింది. భుజంగరావు గారు, దండపాణి గారు, శశిధర్ దిగారు. దిగడానికి బల్ల వేశారు కాబట్టి బురద అంటలేదు. రేవుకి అడ్డంగా రిబ్బను కట్టారు. లంక జనమంతా వచ్చారు. లాంచీ చూసి సూరిబాబు కళ్ళు తుడుచుకున్నాడు. భుజంగరావు గారు ప్రసంగం మొదలుపెట్టారు. ప్రజల వద్దకు పడవ, పడవ వద్దకు ప్రజలు అన్న రెండు దశలూ దాటి ఇవాళ మూడో దశలోకి ప్రవేశిస్తున్నామని చెబుతుండగా లాంచీ హారను కొట్టి బయలుదేరిపోయింది.

"అదేంటి బాబూ, వెళ్ళిపోతంది?" అన్నాడు సూరిబాబు.

"అది అద్దెకి తెచ్చాం. వాళ్ళకి పన్నెండింటికి పెళ్ళి ఫోటోల బుకింగ్ ఉంది," అన్నాడు శశిధర్. "మన సర్వీసు రిబ్బను కత్తిరించాక యాప్‌లో మొదలవుతుంది."

రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టారు. శశిధర్ ఫోను తీసి మీట నొక్కాడు. "మీ పడవ బయలుదేరింది" అని వచ్చింది. అందరూ గోదావరి వైపు చూశారు. కాసేపటికి "మీ పడవ రేవులో ఉంది, దయచేసి ఎక్కండి" అని వచ్చింది. రేవులో ఒక కొంగ ఉంది. ఇంకాసేపటికి "మీ ప్రయాణం సుఖంగా ముగిసింది, ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని అడిగింది.

"దిగండి బాబూ, అవతలి గట్టొచ్చేసింది," అంది పేరంటాలు, పాకలోంచి.

మధ్యాహ్నమైంది. అధికారులు పేరంటాలు పాకలో కూర్చుని జంతికలు తిన్నారు. ఉప్పుశనగలు తిన్నారు. ఎండ వాలింది. లాంచీవాళ్ళు ఫోను ఎత్తడం లేదు. దండపాణి గారు ఈ పరిస్థితిని రేపటికి వాయిదా వేయవచ్చునా అని ఆలోచిస్తున్నారు.

"రాత్రికి ఇక్కడ నక్కలొత్తాయి బాబూ," అంది పేరంటాలు, జంతికలు మూతపెడుతూ. "ఏవీ చెయ్యవు. వాసన చూసి ఎళ్ళిపోతాయి. ఎక్కువ మటుకు."

భుజంగరావు గారు లేచి నిలబడ్డారు. "నూకరత్నం! నీ పడవ సిద్ధం చెయ్యి."

నూకరత్నం తన గుమ్మంలో కూర్చుని వల అల్లుకుంటోంది. తల ఎత్తలేదు.

"దాని చెవుల్లో దూదుందయ్యా. పడవ కదిలితే కేసన్నది తమరే కదా. మాకో కట్టుబాటుంది. రేవులో నిలబడి మూడు కేకలెయ్యి. దూది దాటి ఎల్తే నీ అదృష్టం, ఎల్లకపోతే నీ ఖర్మ," అంది పేరంటాలు.

"నేనా? కేకా?"

"కాయితం మీద రాసిత్తే గోదారి చదవదు బాబూ."

భుజంగరావు గారు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, "ఇదిగో, పడవ వారూ," అన్నారు. కొంగ కూడా కదల్లేదు. రెండోసారి కొంచెం గట్టిగా, "ఓ పడవా!" అన్నారు. ఎక్కడో అరటి తోటలో ఏదో ఊళ వేసింది. నక్కో, సూరిబాబు చిన్నకొడుకో ఈనాటికీ తేలలేదు. భుజంగరావు గారు ప్యాంటు పైకి లాక్కుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, సర్వీసులో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి, "ఓ... పడవోయ్!" అని అరిచారు.

నూకరత్నం చెవుల్లోంచి దూది తీసేసింది. మొదటి కేకకే తీసేసిందని పేరంటాలు తరవాత చెప్పింది.

"కామేశూ, తాడిప్పు," అంది.

తాడిప్పడం ఒక్కటే ఆలస్యం. పాలబిందెలు, కొబ్బరి బోండాలు, సంచులు తగిలించుకున్న హైస్కూలు పిల్లలు, ఒక లేగదూడ, సూరిబాబు, నొప్పులు మొదలైన లక్ష్మి, అందరూ ఎక్కేశారు. అభ్యంతరం చెప్పబోయిన భుజంగరావు గారితో, "కేకేసింది తమరు. పడవ కదిలాక రేవులో ఉన్నోళ్ళందర్నీ ఎక్కించుకోవాలి బాబూ, అదీ కట్టుబాటే," అంది నూకరత్నం.

ఇప్పుడు బల్ల లేదు. ముగ్గురు పెద్దమనుషులూ మోకాటి లోతు బురదలో దిగి ఎక్కారు. భుజంగరావు గారు బూట్లు విప్పి, చెరొక చేత్తో పట్టుకుని, దూడకీ పాలబిందెలకీ మధ్య కూర్చున్నారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. కొంతదూరం పోయాక ఆయనకి ఒక భయంకరమైన విషయం స్ఫురించింది. అనుమతి లేని పడవ ఎక్కినవారికి కూడా శిక్ష ఉందని ఉత్తర్వులో తామే రాశారు.

"దండపాణి గారూ," అన్నారు కళ్ళు మూసుకునే. "రిబ్బను కత్తిరించడం జరిగింది. సర్వీసు ఆరంభమైంది. కావున ఈ యాత్రను నిష్కళంక్ సంస్థ వారి ప్రథమ యాత్రగా పరిగణించవలెను. అవునా, శశిధర్?"

"తప్పకుండా సార్! ప్రయాణికుల స్పందన కూడా బాగుంది," అన్నాడు శశిధర్, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వాంతి ఆపుకుంటూ.

లేగదూడకి భుజంగరావు గారి చెయ్యి ఉప్పగా తోచింది కాబోలు. ఉప్పుశనగలు తిన్న చెయ్యి. నాలిక చాపి ఒక్కసారి నాకింది. ఆయన కెవ్వుమని చెయ్యి విదిలించారు. ఎడమకాలి బూటు గాలిలో గుండ్రంగా తిరిగి, గోదావరిలో పడి, కాసేపు ఒక చిన్న పడవలాగే తేలి, మునిగిపోయింది.

పడవ గట్టు చేరింది. లక్ష్మిని ఆసుపత్రికి చేర్చారు. ఆడపిల్ల పుట్టింది.

రెండో విచారణ నాటికి భుజంగరావు గారు చెప్పులతో వచ్చారు. నూకరత్నం లేచి, ఉన్నదున్నట్టు చెప్పింది. నిష్కళంక్ వారి మొదటి యాత్రలో గోదావరిలో ఒక బూటు పడిందని.

"అది అబద్ధం! మా రికార్డులో ఏమీ పడలేదు," అన్నాడు శశిధర్.

"గోదారి సంగతిలో అబద్ధమాడనండి. ఆ బాబునే అడగండి."

దండపాణి గారు భుజంగరావు గారి వైపు తిరిగారు. స్వయంగా తమ పక్కనే జరిగిన సంగతి అయినా, చూశానంటే తమకి ఒక అభిప్రాయం ఉన్నట్టవుతుందని ఆయన భయం.

భుజంగరావు గారి ముఖంలో పెద్ద యుద్ధం జరిగింది. ఒక పక్క కంపెనీ, ఇంకో పక్క బూటు. అవి మామూలు బూట్లు కావు. కొత్త అల్లుడు పెట్టిన బూట్లు. ఒంటి బూటుతో ఇంటికి వెళ్ళిన నాటి నుంచి, రెండోది ఎవరింట్లో వదిలి వచ్చారో చెప్పమని భార్య అన్నం వడ్డించడం మానేసింది. గోదావరిలో పడిందంటే, పడవ పేరెత్తితే వణికే మనిషి గోదావరి మీదికి ఎందుకు వెళ్ళాడంటోంది. ఆమె నమ్మేది ఒక్కటే, ఆఫీసు ముద్ర.

"పడింది," అన్నారాయన, గద్గదంగా. "ఎడమది. విధి నిర్వహణలో పడింది. ఆ మేరకు ముద్ర వేసిన ధ్రువపత్రం ఒకటి నాకు ఇప్పించవలెనని మనవి."

లెక్క చాలా తేలిక. నిష్కళంక్ వారు చేసిన యాత్ర ఒక్కటి, అందులో ప్రమాదం ఒక్కటి. ప్రమాదాల రేటు నూటికి నూరు. గోదావరి మీద ఇంత ఘోరమైన రికార్డు ఏ కాలంలోనూ లేదని దండపాణి గారే విస్తుపోయారు. సంస్థ అర్హత పోయింది.

"అయితే రేవు మాదేనాండి?" అంది నూకరత్నం.

"నీకు మేక ఉంది కదమ్మా," అన్నారు భుజంగరావు గారు, జాలిగా. "బిందె కూడా ఉంది." దండపాణి గారు తమ చరిత్రకి మచ్చ రాకుండా, ఎవరికీ ఇవ్వకుండా, మళ్ళీ ప్రతిపాదనలు పిలవమన్నారు.

నూకరత్నం లంకకి తిరిగొచ్చి, పాక కింద కూలబడింది. ఎంతసేపో గోదావరి వైపే చూసింది. పేరంటాలు ఎప్పటిలాగే గోదావరిని తిడుతోంది. అలా వింటూ వింటూ నూకరత్నం నెమ్మదిగా తల తిప్పింది.

"పెదత్తా, నువ్వు పడవెక్కలేదు కదా?"

"నా శత్రువులెక్కాలి."

"ఎప్పుడూ? చిన్నప్పుడు కూడా?"

"మా నాన్న ఎత్తుకుని ఎక్కబోతే చెవి కొరికేశాను. ఎందుకే?"

ఈసారి ప్రతిపాదనలు రెండు వచ్చాయి. ఒకటి నవనిష్కళంక్ క్రాసింగ్ సొల్యూషన్స్ వారిది. పాత సంస్థే పేరు మార్చుకుని, కొత్త పేరుకి చరిత్ర లేదు కాబట్టి మళ్ళీ కడిగిన ముత్యంలా వచ్చింది. రెండోది సంగాడి పేరంటాలుది. అందులో నూకరత్నం ఒక్క అబద్ధమూ రాయలేదు. పడవ లేదు. నడిపిన అనుభవం లేదు. ఎక్కిన అనుభవం లేదు. ప్రమాదాలు లేవు. దార్శనికత కింద ఏం రాయమంటావని అడిగితే, "గోదారి ఎండిపోవాల," అంది పేరంటాలు. అదే రాసింది.

మూల్యాంకన సంఘం ముగ్ధమైపోయింది. నవనిష్కళంక్ వారి నిష్కళంకత్వానికి వయస్సు రెండు వారాలు. పేరంటాలుది డెబ్భై ఏళ్ళు పైబడినది, అదీ గోదావరి ఒడ్డునే నిలబడి, అన్ని ప్రలోభాలకూ లొంగక కాపాడుకున్నది. గోదావరి ఎండిపోతే ప్రమాదాలకు తావే ఉండదని, ఇంత సమగ్రమైన భద్రతా దృక్పథం తమ ఎరుకలో లేదని సంఘం రాసింది. నూటికి నూరు. పనివాళ్ళుగా ఎవరినైనా పెట్టుకునే వెసులుబాటు గుత్తేదారుకి ఎలాగూ ఉంది. పేరంటాలు నూకరత్నాన్నీ కామేశునీ పెట్టుకుంది. వాళ్ళ పడవలో ఏం పడినా అది పనివాళ్ళ ఖాతాలోకి పోతుంది, గుత్తేదారుకి అంటదు. మూల్యాంకనం అన్యాయంగా జరిగిందని శశిధర్ అభ్యంతరం పెట్టాడు. అది దండపాణి గారి దగ్గర ఉంది. ఉంటుంది.

రేవు మళ్ళీ కదిలింది. పాలు అవతలి గట్టుకి వెళ్ళి అక్కడ విరుగుతున్నాయి. లక్ష్మి బిడ్డనెత్తుకుని అదే పడవలో వచ్చింది.

మారిందల్లా పేరంటాలే. గుత్తేదారు అయ్యాక పడవవైపు చూడటం కూడా మానేసింది, రికార్డు పోతుందని. ఉత్తమ రేవు గుత్తేదారుగా ఎంపికైనారు, టౌనుకి వచ్చి సన్మానం అందుకోవలెను అని కబురొస్తే, "కావాలంటే ఆళ్ళనే తెచ్చిమ్మను," అని జంతికలు పిండుకుంటూ కూర్చుంది.

ఒకనాటి సాయంత్రం అవతలి గట్టు మీద ఒక మనిషి కనిపించాడు. చంకలో చుట్టిన శాలువా, చేతిలో జ్ఞాపిక. కాళ్ళకి ఏమీ లేవు. నూకరత్నం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. భుజంగరావు గారు. ఒకసారి పడవ ఎక్కినందువల్ల ఆయనకి అభిప్రాయాలు ఏర్పడ్డాయని మూల్యాంకన సంఘంలోంచి తప్పించారట. శాలువాలు మోసే పని మీద వేశారట.

"ఓ... పడవోయ్!"

గొంతు బాగా తేరింది. నూకరత్నం గెడ అందుకుని లేవబోయింది.

"కూకోవే," అంది పేరంటాలు, తల ఎత్తకుండానే. "గుత్తేదారుని చెప్తన్నాను. ఇంకా రెండున్నాయి."